నల్ల మఖమలు పెద్దమనిషి

ఇంగ్లండు వెళ్ళివచ్చిన వారిని మనవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడే. లండన్ వంతెన చూశారా? రాజుగారి కోట చూశారా? చలి ఎలా ఉంది? 2023 మార్చిలో నేను వెళ్ళి నాలుగు వారాలుండి వచ్చినప్పుడు మా సంఘంవారు కూడా ఇవే అడిగారు. వంతెన చూశాను. కోటను బయటినుండి చూశాను. చలికి రెండు స్వెట్టర్లు చాలలేదు. అయితే ఆ దేశం పేరు చెప్పగానే నా కళ్ళ ముందుకు వచ్చేది ఇవేవీ కావు. ఒక ఇంటి వెనుక పచ్చిక, ఆ పచ్చిక మీద పద్నాలుగు మట్టి కుప్పలు. ఈ నెల మీకు ఆ కుప్పల సంగతే వ్రాస్తున్నాను.

నేను బస చేసింది నార్తాంప్టన్ పట్టణానికి ఉత్తరాన, మౌల్టన్ అనే ఊరికి దగ్గరలో. మా ఆతిథేయులు మన బాపట్ల ప్రాంతం వారే. ఆమె నర్సు, అతడు ఒక గోడౌనులో సూపర్‌వైజరు. తొమ్మిదేళ్ళ పాప. అతని తండ్రిని నేను ఎరుగుదును. జీవితమంతా ఇతరుల చేలల్లో కూలి చేసి, కొంతకాలం కౌలుకు చేసి, సెంటు నేల తన పేర లేకుండానే కన్నుమూశాడు. అందుచేత 2021లో ఆ ఇల్లు కొన్నప్పుడు కొడుక్కి ఇంటికంటె ఇంటి వెనుక నేల మీదే మనసు. ఎంత నేలనుకున్నారు? మన లెక్కలో మూడు సెంట్లు ఉండదు. దాన్ని తన చేతులతో తవ్వి, రాళ్ళు ఏరి, చదును చేసి, చాపల్లా చుట్టి అమ్మే గడ్డి తెచ్చి పరిచాడు. ప్రతి శనివారం మిషనుతో కోస్తాడు. కోసిన చాళ్ళు ఒకటి లేతగా, ఒకటి ముదురుగా, చీర అంచులా కనబడతాయి. "మా నాన్న ఒక్కసారి వచ్చి దీనిమీద చెప్పుల్లేకుండా నడిచి ఉంటే బాగుండేది అయ్యగారూ" అన్నాడు నేను వెళ్ళిన రోజు రాత్రి.

ఫిబ్రవరిలోనే అతడు నాకు ఫోను చేశాడు. "అయ్యగారూ, మీరు వచ్చేటప్పుడు ధాన్యంలో వేసే గ్యాసు బిళ్ళలు నాలుగు తెస్తారా? ఇక్కడ మామూలు మనుషులకు అమ్మరు. నా పచ్చిక పాడైపోతోంది." గోంగూర పచ్చడి తెస్తాను, ఎండురొయ్యలు తెస్తాను, బిళ్ళలు మాత్రం తేనని చెప్పాను. ఎందుకు తేనన్నానో తర్వాత చెప్తాను.

మరునాడు తెల్లవారి మేడ మీది కిటికీ తెర తీసి చూస్తే, ఆకుపచ్చని దుప్పటి మీద ఎవరో తట్టలతో మట్టి కుమ్మరించినట్టు కుప్పలు. నల్లని మెత్తని మట్టి, జల్లించినట్టు సన్నగా ఉంది. కంచె దగ్గర మొదలై, ఒక వంకర గీతగా పచ్చిక మధ్యకు వచ్చి, అక్కడ గుంపు కట్టాయి. నేను పైనుండి లెక్క పెడుతూ ఉండగానే అతడు పైజమా మీదే బయటికి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకొని నిలబడ్డాడు. పొలం మునిగిన రైతు గట్టుమీద నిలబడే తీరు అది. ఈస్టరు ఏప్రిల్ 9న. ఆ మధ్యాహ్నం లెస్టర్ నుండి, మిల్టన్ కీన్స్ నుండి తెలుగు కుటుంబాలు భోజనానికి రావాలి, పిల్లలు ఆ గడ్డి మీదే ఆడుకోవాలి. మూడు వారాలు మిగిలి ఉన్నాయి.

ఈ పని చేసే జంతువు పేరు మోల్. దానికి మన తెలుగులో పేరు లేదు. ఉండనక్కరలేదు కూడా, ఎందుకంటే అది మన నేలలో లేదు. మన దేశంలో హిమాలయాల అంచున, డార్జిలింగ్, సిక్కిం వైపు దాని బంధువు ఒకటి ఉంది, దక్షిణాదిలో ఏదీ లేదు. ఇంగ్లీషు బైబిలు చదివేవారికి ఒక చిన్న సంగతి. యెషయా 2:20లో పాత ఇంగ్లీషు అనువాదం 'మోల్స్' అని చెప్పిన చోట మన తెలుగు బైబిలులో ఎలుకలు ఉన్నాయి. ఇంతకాలం నేను అది మన అనువాదకులు సర్దుకున్న మాట అనుకొనేవాణ్ణి. నిజానికి పరిశుద్ధ దేశంలో కూడా మోల్ లేదు. అక్కడ నేల తవ్వేది కళ్ళు కనబడని ఒక జాతి ఎలుక. ఇంగ్లీషువారు తమ పెరట్లో ఉన్నదాని పేరు పెట్టుకున్నారు, మనవాళ్ళు మన పెరట్లో ఉన్నదాని పేరు పెట్టారు. ఈ ఒక్క చోట మనవాళ్ళే దగ్గరగా వెళ్ళారేమో అనిపిస్తుంది.

మోల్ ఎలుక కాదు. రాత్రిళ్ళు కీచుమంటూ గోడవెంట పోయే మన చుంచెలుకకు అది దూరపు చుట్టం. ఐదారు అంగుళాల పొడవు, వంద గ్రాములు అటూ ఇటూ బరువు. గడ్డి తినదు, దుంపలు తినదు, వేళ్ళు కొరకదు. దానికి కావలసింది వానపాములు. రోజుకు తన బరువులో సగం దాకా తింటుంది. ఆకలి ఎక్కువ, ఓపిక తక్కువ. కొన్ని గంటలు తిండి లేకపోతే చచ్చిపోతుంది కూడా. అందుకని దొరికినన్ని వానపాముల తలలు కొరికి, చావకుండా, కదలకుండా చేసి, నేలలో ఒక గదిలో కొట్టు పెట్టుకుంటుంది. అలాంటి గదుల్లో వందలకొద్దీ వానపాములు కనబడ్డాయట. సొరంగం తవ్వేటప్పుడు మిగిలిన మట్టిని పైకి నెడుతుంది. మనకు కనబడే కుప్ప అదే. అంటే కుప్పలో మోల్ ఉండదు, అక్కడినుండి అది ఎప్పుడో వెళ్ళిపోయింది. ఈ సంగతి తెలియక చాలామంది కుప్ప మీద పారతో కొడతారు, గొట్టం పెట్టి నీళ్ళు పోస్తారు. మా వాడూ పోశాడు. ఒక రాత్రంతా పోస్తే నీళ్ళ బిల్లు వచ్చింది, మోల్ రాలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. వానపాములు ఎక్కువగా ఉన్న నేలకే మోల్ వస్తుంది. అంటే అతడు రెండేళ్ళు ఎరువు వేసి, నీరు పెట్టి, నేలను బాగుచేసిన కొద్దీ దానికి విందు సిద్ధం చేశాడన్నమాట. ఈ మాట నేను అతనితో అప్పుడే అనలేదు.

ఇంగ్లండువారికి పచ్చిక అంటే ఎందుకంత పట్టింపో నాకు మొదట అర్థం కాలేదు. మన ఇంటి ముందు కళ్ళాపి చల్లి ముగ్గు పెట్టిన వాకిలి ఎలాంటిదో వారికి పచ్చిక అలాంటిది. పూర్వం దాన్ని కొడవళ్ళతో కోయించగలిగిన పెద్ద జమీందారులకే ఆ వైభవం ఉండేది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గ్లాస్టర్‌షైర్‌లో గడ్డి కోసే యంత్రం కనిపెట్టాక సామాన్యుడి పెరట్లోకీ అది వచ్చింది. వీధిలో నడుస్తూ ఉంటే ఎవరి గడ్డి ఎలా ఉందో కనిపెట్టి చూసుకుంటారు, పైకి ఏమీ అనరు.

మౌల్టన్ వెళ్ళాలని నాకు చాలా ఏళ్ళుగా ఉంది. విలియం కేరీ 1785లో ఆ ఊరికి బడిపంతులుగా వచ్చి, చెప్పులు కుట్టుకుంటూ, తర్వాత సంఘకాపరిగా కూడా ఉండి, 1789లో లెస్టర్ వెళ్ళేవరకు అక్కడే కాపురమున్నాడు. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేసినది ఆయనే. 1818లో శ్రీరాంపూర్ ముద్రణాలయం నుండి తెలుగు క్రొత్త నిబంధన వచ్చింది. ఇవి మీకు తెలిసినవే. ఆయన తోటపిచ్చి మాత్రం అంతగా తెలియదు. శ్రీరాంపూర్‌లో ఆయన పెద్ద తోట పెంచాడు, 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘం స్థాపించాడు. ఇంగ్లండు నుండి వచ్చిన విత్తనాల సంచిని ఒకసారి ఖాళీచేసి, అడుగున మిగిలిన మట్టిని కూడా వృథా చేయక తోటలో ఒక మూల దులిపితే, కొన్నాళ్ళకు ఆ మట్టిలోనుండి ఇంగ్లండు డైసీ పువ్వు మొలిచిందట. ఆయన సంబరం ఇంతా అంతా కాదు. అదే డైసీని మా ఆతిథేయుడు ప్రతి ఆదివారం సాయంకాలం చిన్న కత్తితో వేళ్ళతో సహా పెకలించి చెత్తబుట్టలో వేస్తున్నాడు. పచ్చికలో అది కలుపు. నేను కేరీ కథ చెప్పాను. నవ్వి, మరొకటి పెకిలించాడు.

ఆ చుట్టుపక్కల పాత చర్చీలన్నీ గోధుమరంగు ఇనుపరాతితో కట్టినవి. ఒక చర్చి ఆవరణలో సమాధుల మధ్య కూడా కుప్పలు చూశాను. ఎవరూ దున్నని, తొక్కని పాత నేల గనుక మోల్‌కు అది ఇష్టమైన చోటు. ఒక ముసలమ్మ భర్త సమాధి మీది కుప్పను చీపురుతో మెల్లగా ఊడ్చి, ఆ మట్టిని ఒక సంచిలో వేసుకుంటోంది. నేను చూస్తున్నానని తెలిసి, "పూలకుండీలకు ఇంతకంటె మంచి మట్టి దొరకదు" అంది. తీసుకెళ్ళి ఏం మొక్క పెడతారని అడిగితే, "ఆయనకు ఇష్టమైనవి" అంది.

చర్చికీ మోల్‌కూ పాత లెక్కలున్నాయి. 1566లో ఎలిజబెత్ రాణి కాలంలో పంటలను కాపాడటానికి ఒక చట్టం చేశారు. పక్షులనూ జంతువులనూ పట్టి తలలు తెచ్చినవారికి ఇంత అని సొమ్ము ఇవ్వాలి. ఆ సొమ్ము చెల్లించే బాధ్యత ప్రతి ఊరి చర్చి వార్డెన్లది. మోల్ తలకు అర పెన్నీ. ఈనాటికీ పాత చర్చి లెక్కల పుస్తకాల్లో రొట్టెకు, ద్రాక్షారసానికి, గంట తాడుకు ఖర్చు వ్రాసిన పేజీలోనే మోళ్ళు పట్టినవారికి ఇచ్చిన పెన్నీలు కూడా కనబడతాయి. ఇక ఆ దేశపు రాజునే అది పడగొట్టింది. 1702లో మూడవ విలియం రాజు గుర్రం మోల్ కుప్ప తగిలి తూలితే, ఆయన కింద పడి మెడ దగ్గర ఎముక విరిగి, ఆ తర్వాత కొద్ది రోజులకే న్యుమోనియాతో మరణించాడు. ఆయనంటే గిట్టనివారు ఆ తర్వాత చాలా కాలం నల్ల మఖమలు కోటు వేసుకున్న చిన్న పెద్దమనిషి పేరు చెప్పి గ్లాసులు ఎత్తేవారట.

ఆ పెద్దమనిషిని వెళ్ళగొట్టడానికి మా ఆతిథేయుడు చేయని ప్రయత్నం లేదు. సొరంగంలో వెల్లుల్లి వేశాడు. నాఫ్తలీన్ ఉండలు వేశాడు. ప్లాస్టిక్ సీసాలు కోసి గాలిపంకాల్లా చేసి కర్రలకు గుచ్చి పాతాడు, ఆ అదురుకు పారిపోతుందని. నేను వెళ్ళేనాటికి అవి గాలికి టకటకమంటూ తిరుగుతున్నాయి. రాత్రి నాకు నిద్ర పట్టలేదు, మోల్‌కు పట్టినట్టే ఉంది, తెల్లవారి ఒక సీసా పక్కనే కొత్త కుప్ప. బ్యాటరీతో గుయ్యిమనే మేకు ఒకటి కొన్నాడు. దాని చుట్టూ తిరిగి తవ్వుకుంది. మోల్‌కు సరిపడదని పేరున్న ఒక రకం పాలచెట్టు మొక్కలు కూడా తెచ్చి కంచె వెంట నాటాడు. అవి బాగా పెరుగుతున్నాయి. మంచి మాట చెప్పినది పక్కింటి పెద్దావిడ ఒక్కరే. "మేదాకా ఓపిక పట్టండి. ఇది జత వెతుక్కొనే కాలం, అందుకే ఇంత తవ్వకం. వేసవిలో తగ్గుతుంది" అన్నారు. ఆమె పెరట్లో కుప్పలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, వాటి మధ్య పసుపు పూలు పూస్తున్నాయి. కానీ ఆమెకు ఈస్టరుకు అతిథులు లేరు.

ఇక బిళ్ళల సంగతి. మనం ధాన్యపు నిల్వల్లో, పందికొక్కుల బొరియల్లో వేసే ఆ బిళ్ళలో ఉండేది అల్యూమినియం ఫాస్ఫైడు. తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతుంది. మనిషికి సోకితే దానికి విరుగుడు లేదు. ఇంగ్లండులో మోల్ సొరంగాల్లో వేసేదీ అదే మందు. అయితే శిక్షణ పొంది సర్టిఫికెట్టు తీసుకున్నవారే వేయాలి, ఇళ్ళ దగ్గర వేయకూడదు. అంతకుముందు వానపాములకు స్ట్రిక్నిన్ అనే విషం పూసి సొరంగంలో వదిలేవారు. అది నరాలు బిగిసి విలవిలలాడి చచ్చే చావు. 2006లో దాన్ని నిషేధించారు. ఒక రాత్రి భోజనాలయ్యాక మా ఆతిథేయుడు మళ్ళీ బిళ్ళల మాట ఎత్తాడు. తెలిసినవారి ద్వారా తెప్పించుకుంటానన్నాడు. నేను ఒకటే చెప్పాను. "బాబూ, నా పరిచర్యలో ఆ బిళ్ళ మూలంగా పోయినవారికి మూడుసార్లు సమాధి కార్యక్రమం జరిగించాను. ఒకరు పొరపాటున. నీ పాప పడుకొనే గది ఈ పచ్చికకు ఎన్ని అడుగులు?" అతడు లేచి వెళ్ళి కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నర్సుగా ఉన్న భార్య ఏమీ అనలేదు. మరునాడు ఆమే మోళ్ళు పట్టేవానికి ఫోను చేసింది.

అతడు చిన్న వ్యానులో వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. తండ్రి నార్తాంప్టన్ బూట్ల ఫ్యాక్టరీలో పనిచేశాడట. ఇతడు మాత్రం చిన్నప్పుడే ఒక పొలంలో ముసలి మోల్‌గాని వెంట తిరిగి ఈ పని నేర్చుకున్నాడు. షరతు మొదటే చెప్పాడు. మోల్ దొరికితేనే డబ్బు, దొరక్కపోతే అక్కరలేదు. మాతోపాటు బల్ల దగ్గర కూర్చొని టీ తాగాడు. పాప అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు. ఆ తర్వాత పచ్చిక మీదికి వెళ్ళి, ఒక పావుగంట ఏమీ చేయలేదు. నిలబడి చూశాడు.

తర్వాత మెల్లగా నడిచాడు. కుప్పల దగ్గరికి పోలేదు. కుప్పలకూ కంచెకూ మధ్య, బాట అంచున, మడమతో నేలను ఒత్తుతూ నడిచాడు. ఒకచోట ఆగి, సన్నని ఇనుప చువ్వ తీసి గుచ్చాడు. గట్టిగా దిగింది. నాలుగంగుళాలు పక్కన మళ్ళీ గుచ్చాడు. గట్టిగానే దిగింది. మూడోసారి కొంచెం దిగి, ఉన్నట్టుండి జారి లోపలికి పోయింది. "ఇదిగో రాజమార్గం" అన్నాడు. మోల్ వేట కోసం తవ్వే సొరంగాలు అనేకం ఉన్నా, రోజూ పోయివచ్చే దారి ఒకటి ఉంటుందట, గోడల వెంట, కంచెల వెంట. అక్కడ గడ్డిని చతురంగా కోసి మూతలా పైకి ఎత్తాడు. కింద రెండంగుళాల గుండ్రని దారి, గోడలు నున్నగా, చేత్తో అలికినట్టుగా ఉన్నాయి. చేతులకు ముందు ఆ మట్టే రుద్దుకొని, ఇనుప బోను లోపల దింపి, అడుగు మట్టిని వేళ్ళతో గట్టిపరచి, పైన గడ్డిమూత పెట్టి, సందులన్నీ మట్టితో పూడ్చాడు. వెలుతురు రేఖ కనబడితే చాలు, మోల్ బోనును మట్టితో కప్పేసి పక్కనుండి పోతుందట. దానికి కళ్ళున్నాయి, ఆవగింజంత. చూపు ఎంతో లేకపోయినా వెలుగు తెలుస్తుంది.

రెండు బోనులు పెట్టాడు. బ్రతికి ఉండగా పట్టే గొట్టపు బోనులు లేవా అని నేను అడిగాను. "ఉన్నాయి అయ్యా. కానీ అందులో పడిన దాన్ని కొద్ది గంటల్లో తీయకపోతే ఆకలికి చస్తుంది. రాత్రి పడితే ఎవరు చూస్తారు? ఇందులో ఒక్క క్షణం." ఆ తర్వాత తన తాత కాలపు బోను ఒకటి వ్యానులోనుండి తెచ్చి చూపించాడు. పీపాలాంటి చిన్న కొయ్య గొట్టం, లోపల గుర్రపు వెంట్రుకల ఉచ్చు, పైన నేలలో గుచ్చి వంచిన పచ్చి కర్ర. మోల్ తగలగానే కర్ర పైకి లేచి ఉచ్చు బిగుస్తుంది. దాన్ని చేతిలోకి తీసుకొని నేను కాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఊరి చేలల్లో వెదురు బద్దను విల్లులా వంచి, తాడు బిగించి పెట్టే ఎలుకల బుట్ట అదే కదా! ఇంకొక సంగతి చెప్పాడు. పూర్వం పట్టిన మోళ్ళను రైతు కంచె ముళ్ళతీగకు వరుసగా వ్రేలాడదీసేవారట, ఎన్ని పట్టారో లెక్క చూసి డబ్బులివ్వడానికి. మా ఊళ్ళో యానాది వానికి రైతులు ఎలుకకు ఇంత అని లెక్కపెట్టి ఇచ్చేవారు. నా చిన్నతనంలో గట్టుమీద కూర్చొని ఆ లెక్క నేను కూడా చూశాను. వానికి మేము టీ ఇచ్చింది గట్టుమీదే, కొబ్బరిచిప్పలో. ఈ మాట ఆ ఇంగ్లీషు మనిషితో చెప్పలేదు.

మొదటి రోజు ఏమీ లేదు. రెండో రోజు ఉదయం అతడు వచ్చి మూత ఎత్తి, బోను పైకి తీశాడు.

ఒక్కటే. పద్నాలుగు కుప్పలూ ఆ ఒక్కదాని పని. మోళ్ళు ఒంటరివి, ఒకదాని దారిలోకి మరొకటి వస్తే పోట్లాటే. మా ఆతిథేయుడు డజను ఉంటాయనుకున్నాడు. నా అరచేతిలో పెట్టించుకొని చూశాను. నల్లని బొచ్చు నిజంగా మఖమలే. ముందుకు రాసినా, వెనక్కు రాసినా ఒకే నునుపు, ఇరుకు దారిలో వెనక్కు నడవటానికి వీలుగా. కాని నేను చూసింది దాని చేతులు. కాళ్ళనబుద్ధి కాలేదు. దేహానికి మించిన వెడల్పు, బొచ్చులేని గులాబీరంగు అరచేతులు, బయటికి తిరిగి ఉన్నాయి, అయిదు బలమైన గోళ్ళు, బొటనవ్రేలి పక్కన మరొక ఎముక. పార పట్టి కాలువ పూడిక తీసిన మనిషి చేయి సాయంకాలం ఎలా తెరుచుకొని ఉండిపోతుందో అలా ఉన్నాయి. గోళ్ళ సందుల్లో మట్టి. మా ఆతిథేయుడు కూడా వంగి చూశాడు. చూసి, తన చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. పాప మాత్రం, "దీనికి పిల్లలున్నాయా?" అని అడిగింది. మగదని, పిల్లలు ఏప్రిల్ తర్వాత పుడతాయని మోల్‌గాడు చెప్పాడు. ఆ పాప ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

కుప్పలను తొక్కి అణచవద్దని అతడు చెప్పి వెళ్ళాడు. తొక్కితే అడుగు గడ్డి ఊపిరాడక చస్తుంది. పారతో మట్టి ఎత్తి, మిగిలినదాన్ని ఊడ్చి, బోసిగా ఉన్నచోట గింజలు చల్లాలి. మేమిద్దరం ఆ పని ఒక శనివారం చేశాము. మట్టి నాలుగు బక్కెట్లు అయింది. రెండు పక్కింటి పెద్దావిడకు ఇచ్చాము. రెండింటిలో మా ఆతిథేయుడు గోంగూర గింజలు వేసి లోపల కిటికీ దగ్గర పెట్టాడు. ఈస్టరు మధ్యాహ్నం ముప్పైమందిమి ఆ పచ్చిక మీద తిన్నాము. అదృష్టవశాత్తు వాన రాలేదు. పిల్లల్లో ఒక్కరూ పడలేదు.

నేను ఇంటికి వచ్చిన పది రోజులకు అతని దగ్గరనుండి ఫోను. "అయ్యగారూ, కంచె దగ్గర కొత్త కుప్ప." ఖాళీ అయిన సొరంగాల్లోకి పక్కనుండి మరొకటి వచ్చి చేరుతుందని మోల్‌గాడు ముందే చెప్పాడు. మళ్ళీ పిలిచావా అని అడిగాను. "ఇంకా పిలవలేదండీ. పాప వద్దంటోంది. కంచె పక్క రెండు గజాలు దానికి వదిలేద్దామంటోంది. గీత గీసినా అది చదువుకుంటుందా అని నేనంటున్నాను." గోంగూర మొలిచిందని కూడా చెప్పాడు.

ఆ అక్టోబరులో మా పార్సనేజీ గోడ కింద పందికొక్కులు తవ్వితే యానాది పెద్దాయనకు కబురు చేశాను. పాతికేళ్ళుగా మా ఊరి చేలల్లో బుట్టలు పెట్టేది ఆయనే. నేను వరండాలో కుర్చీ వేశాను. కూర్చోలేదు, మెట్టు మీద కూర్చున్నాడు. నేనూ మెట్టు మీదే కూర్చొని, గ్లాసులో టీ తెప్పించాను. బొరియ ఎటు పోతోందో ఎలా తెలుస్తుందని అడిగాను. ఇంతకాలం ఆయన్ను ఈ ప్రశ్న అడగలేదు. "మడమకు తెలుస్తాదయ్యా. డొల్ల ఉన్నకాడ నేల వేరే పలుకుద్ది" అన్నాడు.

అప్పుడు ఇంగ్లండులో చూసినదంతా చెప్పాను, చువ్వ సంగతి, కర్ర బోను సంగతి, కంచె మీద లెక్క సంగతి. శ్రద్ధగా విన్నాడు. కర్ర ఎంత లావుదో, ఉచ్చు ఎటునుండి బిగుస్తుందో రెండుసార్లు అడిగాడు. టీ అంతా తాగాక అన్నాడు:

"మరి దాన్ని తింటారా అయ్యా?"

"తినరు."

"పంట తింటదా అది?"

"తినదు. వానపాములు తింటుంది."

ఆయన గ్లాసు పక్కన పెట్టి, "మరి గడ్డి మీద మట్టి పోసిందనా?" అని, సంచీ భుజాన వేసుకొని, మడమతో నేల ఒత్తుకుంటూ గోడ వెంట నడిచాడు.